అక్టోబరు వసంతం

ఫుమియే ఒగిహారాకు మాట పడిపోయేనాటికి ఆమె పేరున జపాన్‌లో నాలుగు హైకూ పుస్తకాలు అచ్చయి ఉన్నాయి. ఆమె భర్త గ్రాహమ్‌కు వాటిలో ఒక్క అక్షరం కూడా చదవడం రాదు.

ఉషశ్రీ వాళ్ళింటికి మొదటిసారి వెళ్ళిన రోజునే ఆయన ఈ సంగతి చెప్పేశాడు. ఉషశ్రీ ఆక్లాండ్‌కు దక్షిణాన, విమానంలో గంట దూరంలో ఉన్న లోవర్ హట్‌లో స్పీచ్ థెరపిస్టు. స్ట్రోక్ వచ్చి మాట పోయినవాళ్ళ ఇళ్ళకు వెళ్ళి, పోయిన మాటల్లో ఎన్నిటిని వెనక్కి పిలవగలమో చూడటం ఆమె ఉద్యోగం. కొండవాలులో ఉన్న ఆ చెక్క ఇంటి గుమ్మంలో, చెప్పులు విప్పమని అడగడానికి గ్రాహమ్ మొహమాటపడుతూ నిలబడ్డాడు. ఆమె అప్పటికే విప్పేయడం చూసి తేలిగ్గా నవ్వాడు.

"మా ఇళ్ళల్లో కూడా అంతేనండీ," అంది ఉషశ్రీ.

ఫుమియే కిటికీ పక్కన కుర్చీలో కూర్చుని ఉంది. తెల్లటి జుట్టు మెడ దాకా కత్తిరించుకుంది. పట్టు తప్పిన కుడిచెయ్యి ఒళ్ళో నిద్రపోయిన పిల్లలా పడి ఉంది. ఉషశ్రీని చూసి తల వంచి మర్యాదగా నమస్కరించింది. ఆ వెంటనే గేటు వైపు చూసి, "మదా," అంది.

"అదేనమ్మా వరస," అన్నాడు గ్రాహమ్. రైల్వే వర్క్‌షాపులో ఫిట్టరుగా చేసి రిటైరైన మనిషి, వేళ్ళన్నీ మొద్దుబారి ఉన్నాయి. "ముప్పై ఏళ్ళ పైచిలుకు కాపురం చేశాం. ఇంట్లో ఇంగ్లిషే. అది కూడా నాకంటే తనే బాగా మాట్లాడేది. ఇప్పుడు ఆ ఇంగ్లిషు మొత్తం తుడిచిపెట్టుకుపోయింది. మిగిలిన నాలుగు మాటలూ జపనీసు. నాకేమో రాదు. నేర్చుకుందాం, నేర్చుకుందాం అనుకుంటూనే ముసలివాణ్ణయిపోయాను."

మదా అంటే మంచినీళ్ళేమోనని ఆయన కొన్నాళ్ళు నీళ్ళు తెచ్చిచ్చాడు. బాత్రూమేమోనని లేవదీశాడు. ఇంగ్లిషులో మదర్ అనబోయి అలా అంటోందేమో, తల్లి గుర్తొస్తోందేమో అనుకున్నాడు. హాస్పిటల్లో పనిచేసే ఒక జపనీస్ ఫిజియోని ఉషశ్రీ అడిగితే, "ఇంకా లేదు అని అర్థం. ఇంకా కాలేదు, ఇంకా రాలేదు, అలాంటిది," అని చెప్పింది.

స్ట్రోక్ తర్వాత కొందరి నోటికి ఒకే మాట అతుక్కుపోతుంది. ఏది చెప్పబోయినా అదే వస్తుంది. దానికి అర్థం వెతకొద్దని ఉషశ్రీకి చదువులో నేర్పారు. గ్రాహమ్‌కు కూడా అదే చెప్పింది. ఆయన బుద్ధిగా తల ఊపాడు. అయినా ఆ రోజు నుంచి ఫుమియే "మదా" అన్నప్పుడల్లా ఆమె భుజం మీద చెయ్యి వేసి, "అవును, ఇంకా లేదులే," అనడం మొదలుపెట్టాడు.

మాట పోయిన మనిషికి మాట తేవాలంటే ఆ మనిషి అంతకుముందు ఎలాంటి మాటల మధ్య బతికిందో తెలియాలి. అందుకని ఉషశ్రీ వెళ్ళినప్పుడల్లా ఏదో ఒకటి అడిగేది. టీ పెట్టి ఇస్తూ గ్రాహమ్ చెప్పేవాడు. అలా కొద్ది కొద్దిగా ఫుమియే కథ తెలిసింది.

జపాన్‌లో పడమటి తీరాన, నీగాటా వైపు, మంచు కప్పుల దాకా పేరుకునే ఒక చేపల రేవులో ఆమె పుట్టింది. చదువు మధ్యలో ఆపి పోస్టాఫీసులో ఉత్తరాలు వేరుచేసే పనికి కుదిరింది. ఆ ఆఫీసులో నెలకోసారి హైకూ కూటం జరిగేది. పేర్లు దాచి పద్యాలు కలిపేసి, ఎవరిది ఏదో తెలియకుండా చదివి, నచ్చినవి ఏరేవారు. ఆ ఏరివేతలో ప్రతినెలా కొత్తపిల్ల పద్యమే పైకి తేలేది. హైకూ అంటే మూడు చిన్న పాదాలు. మొదటి దాంట్లో అయిదు మాత్రలు, రెండో దాంట్లో ఏడు, మూడో దాంట్లో మళ్ళీ అయిదు. అందులో కాలాన్ని చెప్పే మాట ఒకటి ఉండి తీరాలి. కప్ప కూసిందంటే వసంతం, చంద్రుడు కనబడితే శరత్తు. ఏ మాట ఏ ఋతువుదో చెప్పే పెద్ద నిఘంటువే ఉంది వాళ్ళకి.

ముప్పై ఏళ్ళు నిండకుండానే ఫుమియేకు పెద్ద బహుమతి వచ్చింది. పేరున్న గురువు తన కూటమిలో చేర్చుకున్నాడు. బియ్యపు సారా కాచే పాతకాలపు ధనిక కుటుంబం వాళ్ళు కోడలుగా చేసుకున్నారు. కోడలు వంటింట్లో నిలబడి వేళ్ళ మీద మాత్రలు లెక్కపెట్టుకుంటుంటే ఆ ఇంట్లో ఎవరికీ గిట్టలేదు. కాపురం చెడిపోయింది. విడాకులిచ్చాక పిల్ల తల్లిదో తండ్రిదో ఒక్కరిదే అవుతుంది, అక్కడి పద్ధతి అప్పట్లో అది.

ఆ చివరి మాట దగ్గర గ్రాహమ్ ఆగిపోయాడు. ఉషశ్రీ చేతిలోని కప్పు కింద పెట్టింది.

"పిల్ల ఉందా?"

"చిహరు. ఏడేళ్ళప్పుడు విడిచి వచ్చింది. ఆ ఇంటివాళ్ళు రానివ్వలేదు. నువ్వొస్తే పిల్ల మనసు చెదిరిపోతుంది, దానికి మంచి చెయ్యాలనుంటే కనబడకు అన్నారట. ఇక్కడి స్కూళ్ళలో జపనీస్ టీచర్లు కావాలంటే వచ్చేసింది. వచ్చిన ఏడాది ఒకరోజు రైల్లో గొడుగు మర్చిపోయింది. నేను పరిగెత్తుకెళ్ళి ఇచ్చాను. మా పెళ్ళి వెనక కథ అంతే, పెద్దదేం కాదు."

బయటికి వచ్చి కారులో కూర్చున్నాక ఉషశ్రీ చాలాసేపు స్టార్ట్ చెయ్యలేదు.

ఆమె కూతురు శ్రీవల్లి ఆక్లాండ్ పక్కన ఆల్బనీలో తండ్రి దగ్గర ఉంటోంది. రవికిరణ్‌తో విడిపోయినప్పుడు పిల్ల స్కూలు, స్నేహితులు, అలవాటైన ఇల్లు అన్నీ అక్కడే ఉన్నాయి. ఉషశ్రీకి ఉద్యోగం మాత్రం లోవర్ హట్‌లో దొరికింది. "ఒక్క ఏడాది బంగారం, తర్వాత నిన్ను నా దగ్గరికి తెచ్చేసుకుంటాను," అని చెప్పి వచ్చింది. ఆ ఏడాది గడిచిపోయింది, దాని తర్వాతదీ గడుస్తోంది. మొదట్లో వారం మార్చి వారం విమానం ఎక్కేది. తర్వాత నెలకోసారి అయింది. రోజూ సాయంత్రం పిల్లకి తెలుగులో ఒక వాయిస్ మెసేజ్ పెడుతుంది. ఇవాళ గాలి ఎలా కొట్టిందో, రైల్లో ఎవరు కనబడ్డారో, ఏం కూర వండుకుందో చెబుతుంది. శ్రీవల్లికి తెలుగు అర్థమవుతుంది. జవాబుగా బొటనవేలు బొమ్మ వస్తుంది.

నోటితో ఒక్క వాక్యం పలకలేని మనిషి పాట మాత్రం పాడగలగడం ఉషశ్రీ చాలాసార్లు చూసింది. తాళం వేస్తే మాట ఆ తాళాన్ని పట్టుకుని బయటికి వస్తుంది. ఫుమియే పాటలు పాడే మనిషి కాదు. ఆమె తాళం వేరు. ఒకరోజు ఉషశ్రీ ఆమె ఎడమచెయ్యి తన చేతిలోకి తీసుకుని, వేళ్ళతో మెల్లగా తట్టింది. అయిదు, ఆగి ఏడు, ఆగి అయిదు. ఫుమియే ఆ చేతి వంక వింతగా చూసింది. మరుసటి వారమూ అంతే. ఆ తర్వాతి వారం, రెండో పాదం తట్టడం పూర్తయ్యేసరికి, ఫుమియే పెదాలు కదిలాయి. మూడో పాదం ఉషశ్రీ తట్టనే లేదు. ఆమే చెప్పేసింది. తర్వాత మొదటి నుంచి అందుకుని, ఎక్కడా తడబడకుండా, సన్నటి, గట్టి గొంతుతో పద్యం మొత్తం చెప్పింది.

వంటింటి గుమ్మంలో గ్రాహమ్ తడిచేతులతో నిలబడిపోయాడు. "మాట్లాడింది. నాతో మాట్లాడింది, ఉషా!"

అది మాట్లాడటం కాదని, ఎప్పుడో కంఠతా వచ్చినది తాళానికి బయటపడిందని ఉషశ్రీ చెప్పాలి. చెప్పాల్సిన బాధ్యత కూడా ఉంది. ఆయన ముఖం చూశాక నోరు రాలేదు. పద్యాన్ని ఫోన్‌లో రికార్డు చేసి పట్టుకెళ్ళి, ఫిజియో చేత అర్థం చెప్పించుకుని, రాత్రి ఇంట్లో కూర్చుని తన కోసం తెలుగులో రాసుకుంది.

తాళం వేసిన ఇల్లు
ఈ కిటికీ నుంచి ఆ కిటికీకి
వసంతపు గాలి

అప్పటి నుంచి ప్రతివారం ఒకటో రెండో పద్యాలు వచ్చేవి. పద్యం పూర్తికాగానే ఫుమియే గేటు వైపు చూసేది. "మదా," అనేది.

పద్యాల్లో వసంతం మళ్ళీ మళ్ళీ వస్తోందని ఫిజియో అంటే, ఉషశ్రీ గ్రాహమ్‌ను అడిగింది.

"ఆ వసంతమే కదా ఆమె కొంప ముంచింది," అన్నాడాయన. "ఇక్కడి నుంచి కూడా ప్రతినెలా గురువుగారి పత్రికకు పద్యాలు పంపేది. భూమికి ఈ దక్షిణపు సగంలో మనకు వసంతం వచ్చేది అక్టోబరులో కదా. అక్టోబరు సంచికకు వసంతం మీద రాసి పంపేది. అక్కడ అప్పుడు ఆకులు రాలే కాలం. పద్యం బాగుంది, కానీ అక్టోబరులో వసంతం ఉండదు, ఆ మాట మార్చు అన్నాడట గురువు. తను మార్చలేదు. మరుసటేడూ అదే రాసింది. ఆ పైయేడూ అదే. చివరికి కూటమి నుంచి పేరు కొట్టేశాడు. హైకూ లోకంలో అది వెలివేసినట్టేనట. తెలిసినవాళ్ళు ఉత్తరాలు రాయడం మానేశారు. సొంత ఊళ్ళో మిత్సుయో అని ఒక పెద్దావిడ నడిపే చిన్న పత్రికలో మాత్రం వేసేవారు."

"మార్చితే ఏం పోయేది?"

"నేనూ అదే అన్నాను. ఒక్క మాటే కదా అన్నాను. ఆ ఒక్క మాటా తీసేస్తే ఇక నేను రాయాల్సిన పనే లేదు అంది. నాకేం అర్థం కాలేదు."

చిహరు కోసం వెతుకుదామని ముందు అన్నది గ్రాహమే. కానీ ఆయనకు భయం. అన్నేళ్ళలో ఒక్కసారీ తల్లిని వెతకని పిల్ల ఇప్పుడు కాదంటే ఏం చెయ్యాలి? ఫుమియే బాగున్నప్పుడు ఎన్నిసార్లు అడిగినా, వద్దు అని ఒకటే మాట అనేదట. ఇప్పుడు కావాలంటోందో వద్దంటోందో చెప్పడానికి ఆమెకు మాట లేదు. ఉషశ్రీ పక్కన కూర్చుంటే, ఆయన ఒక్కో అక్షరం వెతుక్కుంటూ మిత్సుయో పత్రికకు ఈమెయిలు టైపు చేశాడు. కొన్ని వారాలకు, చిహరు దగ్గర నుంచే జవాబు వచ్చింది. ఆమె నగోయాలో ఒక మోటారు కంపెనీలో పనిచేస్తోంది, ఇంగ్లిషు వచ్చు. "నేను అక్టోబరులో వస్తాను. ఆమెకు ముందుగా చెప్పకండి," అని మాత్రం రాసింది.

ఆ రోజు ఉషశ్రీ ఉండాలని గ్రాహమ్ పట్టుబట్టాడు. "వాళ్ళిద్దరూ మాట్లాడుకుంటారు. అందులో మూగవాణ్ణి నేనే. నువ్వుంటే కాస్త ధైర్యం," అన్నాడు.

రాత్రంతా హోరెత్తిన దక్షిణపు గాలి తెల్లవారేసరికి అణిగింది. వీధిలో చెర్రీ చెట్లు పూసి, రేకులు కార్ల అద్దాలకు అతుక్కుని ఉన్నాయి. టాక్సీ దిగిన మనిషికి నలభై ఆరేళ్ళుంటాయి. చలికాలపు కోటు వేసుకుంది. గేటు దగ్గర ఒక్కక్షణం ఆగి, ఆ పువ్వులను నమ్మలేనట్టు చూసింది. నడక అచ్చం ఫుమియేదే. స్ట్రోక్‌కు ముందు ఫుమియే నడక ఎలా ఉండేదో ఉషశ్రీ ఎన్నడూ చూడలేదు, అయినా అదేనని తెలిసిపోయింది. గ్రాహమ్ కూడా చూసి పెదవి బిగబట్టాడు.

చిహరు లోపలికి వచ్చి, కుర్చీ ముందు మోకాళ్ళ మీద కూర్చుంది. "ఓకాసాన్," అంది. అమ్మా అని.

ఫుమియే మర్యాదగా తల వంచింది.

చిహరు తన పేరు చెప్పింది. నెమ్మదిగా, చిన్నపిల్లకు చెప్పినట్టు, రెండోసారి చెప్పింది. "చిహరు."

ఆ పేరు వినగానే ఫుమియే ముఖం విప్పారింది. అన్ని నెలల్లో అంత వెలుగు ఆ ముఖంలో ఉషశ్రీ చూడలేదు. ఫుమియే ఎడమచెయ్యి ఎత్తి, ఎదురుగా మోకరిల్లిన నడివయసు మనిషి చేతిని, పాపం ఎంత దూరం నుంచి వచ్చారో అన్నట్టు ఆదరంగా తట్టింది. ఆమె భుజం మీదుగా గేటు వైపు చూసింది.

"చిహరు..." అంది. "మదా."

"అవును, ఇంకా..." అని అలవాటు కొద్దీ అనబోయి గ్రాహమ్ చటుక్కున నోరు మూసుకున్నాడు.

చిహరు ఇంకా రాలేదు. అంతకుమించి అర్థం వెతకాల్సిన పని లేదు. ఆమె ఎదురుచూస్తున్నది వీపుకి బడిసంచి తగిలించుకున్న ఏడేళ్ళ పిల్ల కోసం. ఆ పిల్ల తల నెరుస్తూ, కాళ్ళ దగ్గర కూర్చుని ఉందని ఆమెకు చెప్పే దారి ఎవరి దగ్గరా లేదు. అర్థం వెతకొద్దని తను గ్రాహమ్‌కు ఎంత నమ్మకంగా చెప్పిందో ఉషశ్రీకి గుర్తొచ్చి, సిగ్గుతో కళ్ళు దించుకుంది.

చిహరు ఏడవలేదు. లేచి, తల్లికి మళ్ళీ నమస్కరించి, కోటు విప్పి మడతపెట్టి, ఏదైనా పని చెప్పమని గ్రాహమ్‌ను అడిగింది.

ఆమె రెండు వారాలుంది. అన్నం వండింది, తల్లికి తినిపించింది, తల దువ్వింది. ఫుమియే ప్రతిదానికీ, కొత్తగా కుదిరిన నర్సుకు చేసినట్టు, తల వంచి కృతజ్ఞత చెప్పింది.

ఉషశ్రీ మరుసటిసారి వెళ్ళేసరికి గ్రాహమ్ నాలుగు పుస్తకాలూ బల్ల మీద పరిచి, చిహరు చేత చదివిస్తున్నాడు. ఆమె ఒక్కో పద్యం చదివి ఇంగ్లిషులో అర్థం చెబుతోంది. ముప్పై ఏళ్ళుగా తన ఇంట్లో, తన ఎదురుగా రాసిన మాటలు ఆయన మొదటిసారి వింటున్నాడు.

వంగి బూటు లేసు
కట్టుకుంటున్నాడు
వీపు మీద పసుపు పువ్వు రాలింది

"అది నేనే," అన్నాడు గ్రాహమ్. "మన పెరట్లో కోఫై చెట్టు కింద. ఆ చెట్టు ఎప్పుడో పడిపోయింది. నేనున్నానా ఇందులో?" చొక్కా చేతితో కళ్ళు తుడుచుకున్నాడు.

చిహరు పేజీలు తిప్పుతూ పోయింది. ఆమె కూడా వెతుకుతోందని ఉషశ్రీకి అర్థమైంది. కొండ, రైలు, గాలి, గ్రాహమ్ బూట్లు, పక్కింటి పిల్లి ఉన్నాయి. కూతురన్న మాట ఎక్కడా లేదు. చివరి పుస్తకం సగానికి వచ్చాక చిహరు, "ఇందులో నేను లేను," అంది. కోపం లేదు గొంతులో. అడ్రసు తప్పి వచ్చినవాళ్ళు అన్నట్టు అంది.

అయినా ఆమె ఇంకొక పద్యం చదివింది.

ఎవరి పిల్లో
వసంతపు వానలో
గొడుగు మూసి నడిచిపోతోంది

చదివి, వేలు ఒక అక్షరం మీద ఆపింది. వెనక్కి తిప్పింది. ఇంకా వెనక్కి తిప్పింది. వేగంగా, పేజీ పేజీకీ అదే అక్షరం మీద వేలు పెడుతూ మొదటి పుస్తకం దాకా వెళ్ళింది.

"హరు," అంది. "వసంతాన్ని మేము హరు అంటాం. నా పేరు చిహరు. వేయి వసంతాలు. రాసేటప్పుడు ఈ అక్షరమే. నేను పుట్టింది అక్టోబరులో. ఆకులు రాలే కాలంలో పుట్టినదానికి వసంతం పేరేమిటని మా నాన్నమ్మ వాళ్ళు నవ్వేవారట. అమ్మే పట్టుబట్టి పెట్టిందట."

ఒక్క మాట మార్చనందుకు కూటమి వెలివేసిన సంగతి గ్రాహమ్ మెల్లగా చెప్పాడు. ప్రతి అక్టోబరులో, పత్రికలో, అందరికీ కనబడేలా. ఒక పిల్ల ఎప్పుడైనా ఆ పేజీ తిప్పితే తన పేరు కనబడాలని.

చిహరు పుస్తకం మూసింది. అప్పుడు వచ్చింది కోపం.

"మా ఇంట్లో హైకూ పత్రికలు లేవు. ఆమె పుస్తకాలు లేవు. ఆమె పేరే లేదు. నాకెలా తెలుస్తుంది? నేను చిన్నపిల్లని. బడి నుంచి వచ్చి, వాకిట్లో మెట్టు మీద కూర్చునేదాన్ని. పద్యం కోసం కాదు. ఎవరైనా వచ్చి తలుపు కొడతారేమోనని. ఒక్కసారి వచ్చి కొడితే చాలు. నాన్నమ్మ తిట్టినా నేను తలుపు తీసేదాన్ని."

"వచ్చింది," అన్నాడు గ్రాహమ్. ఆ మాట చెప్పడం ఆయనకు చాలా కష్టమైంది. "మా పెళ్ళయిన మరుసటేడు. మీ వీధి మలుపు దాకా వచ్చింది. నువ్వు ఎవరో స్నేహితురాలితో నవ్వుకుంటూ నడిచి వస్తున్నావట. అంత హాయిగా నవ్వుతున్న పిల్ల ముందుకు ఏ ముఖంతో వెళ్ళను అని తిరిగి వచ్చేసింది."

చిహరు మూసిన పుస్తకాన్ని బల్ల మీద దూరంగా జరిపింది.

"నేను నవ్వుతున్నానా?" అంది. "ఆ ఒక్కరోజు నవ్వకుండా ఉండాల్సింది."

కుర్చీలో ఫుమియే తల ఎత్తి, గొంతులు పెరిగినందుకు ఆందోళనగా అందరి వంకా చూసింది. చిహరు వెంటనే లేచి వెళ్ళి ఆమె పక్కన కూర్చుంది. ఎలా తట్టాలో ఉషశ్రీ చూపించింది. చిహరు తల్లి చెయ్యి తీసుకుని అయిదు, ఏడు, అయిదు తట్టింది. ఫుమియే చెప్పింది. కూతురు కూడా పెదాలు కదిపి, తల్లితో పాటు ఆ పద్యం చెప్పింది. ఒకటి తర్వాత ఒకటి, గుర్తున్నవన్నీ చెప్పుకున్నారు. తల్లీకూతుళ్ళు మాట్లాడుకున్న మాటలన్నీ అవే.

చిహరు వెళ్ళిపోయిన నెలకు ఫుమియేకు రెండో స్ట్రోక్ వచ్చింది. ఈసారి హాస్పిటల్ నుంచి ఇంటికి రాలేదు. రేవు పొడవునా పొహుతుకావా చెట్లు ఎర్రగా పూసిన వారంలో దహనం చేశారు. చిహరు రాలేదు. బతికుండగానే గుర్తుపట్టని తల్లి దగ్గరకు ఇప్పుడు ఎవరి కోసం వస్తుందని గ్రాహమ్ అన్నాడు, తప్పుపట్టకుండానే. ఆ మాట అన్నాక ఆయన ఉషశ్రీ చెయ్యి పట్టుకుని, "ఇప్పుడు ఆమె పద్యాలు నాకు తెలుసు. అడగడానికి ఆమె లేదు. ఆ కోఫై పువ్వు నా వీపు మీద నిజంగా పడిందా, ఊహించి రాసిందా అని అడగాలని ఉంది," అన్నాడు.

ఆ శనివారం ఉషశ్రీ ఎవరికీ చెప్పకుండా ఆక్లాండ్ విమానం ఎక్కింది. దిగి బస్సు పట్టుకుని ఆల్బనీ వెళ్ళి, రవికిరణ్ ఇంటి తలుపు కొట్టింది.

శ్రీవల్లి తలుపు తీసింది. పిల్ల కిందటిసారి కంటే పొడుగైంది. భుజాన స్విమ్మింగ్ బ్యాగు. తల్లిని చూసి ముఖం తెల్లబోయింది. "అమ్మా? ఈజ్ ఎవ్రీథింగ్ ఓకే? డిడ్ సమ్‌బడీ డై?"

"లేదు బంగారం. చూడాలనిపించింది, వచ్చాను."

"యూ షుడ్ హావ్ టెక్స్టెడ్," అంది శ్రీవల్లి. విసుగు కాదు, ఇరకాటం. గేటు బయట అప్పుడే స్నేహితురాలి కారు ఆగింది. పిల్ల కారు వంక, తల్లి వంక చూసి, గబుక్కున తల్లిని ఒక చేత్తో కౌగిలించుకుంది. "ఐ హావ్ స్విమ్ మీట్. ఆఫ్టర్ దట్ మియా వాళ్ళ ఇంట్లో స్లీపోవర్. యూ కెన్ కమ్ వాచ్, ఇఫ్ యూ వాంట్."

కారు వెళ్ళిపోయాక రవికిరణ్ టీ పెట్టాడు. విడిపోయినప్పటి కోపాలు ఇద్దరిలోనూ ఎప్పుడో అరిగిపోయాయి. కప్పు అందిస్తూ అన్నాడు, "ఫోన్లో చెప్పలేక ఆగాను ఉషా. వచ్చే ఏడాది నీ దగ్గరకు పంపుదామనుకున్నాం కదా. అది రానంటోంది. హైస్కూలు కూడా ఇక్కడే అంటోంది."

"నన్ను అడగలేదే."

"నీ మీద ప్రేమ లేక కాదు. నువ్వు బాధపడతావని చెప్పలేకపోతోంది. నువ్వు పెట్టే వాయిస్ మెసేజ్‌లు..." అని ఆగాడు.

"వినదా?"

"మొదట్లో అన్నీ వినేది. ఇప్పుడు... పరీక్షలు, స్విమ్మింగ్, వాళ్ళ గోల వాళ్ళది. నువ్వు తప్పుగా అనుకోకు."

ఉషశ్రీ తప్పుగా అనుకోలేదు. ఈ వైపే ఏదైనా ఉద్యోగం చూసుకుంటానని, చిన్నదైనా ఫర్వాలేదని, ఆక్లాండ్‌లోనే శాండ్రింగ్‌హామ్ వైపైనా ఒక గది తీసుకుని ఉంటానని చెప్పింది. చెబుతున్నంతసేపూ తన గొంతు తనకే ఎవరినో బతిమాలుకుంటున్నట్టు వినిపించింది. రవికిరణ్ మంచిదే అన్నాడు. ఆదివారాలు తప్పకుండా పంపుతానన్నాడు. టీ చల్లారిపోయింది.

స్విమ్మింగ్ పూల్ లోపల వెచ్చగా, క్లోరిన్ వాసనతో ఉంది. అరుపులు, ఈలలు. మెట్ల మీద తల్లిదండ్రుల మధ్య ఉషశ్రీ ఒక ఖాళీ చూసుకుని కూర్చుంది. శ్రీవల్లి స్కూలు పిల్లలందరూ ఒకే నీలం టోపీలు, ఒకే నల్లటి కళ్ళద్దాలు. వరసగా ఎక్కి నిలబడ్డారు. ఎవరు ఎవరో తెలియలేదు. మధ్య లైనులో ఉన్న పిల్ల భుజాలు చూసి, అదే తన బిడ్డ అనుకుంది. ఈల మోగింది, అందరూ దూకారు.

ఉషశ్రీ లేచి నిలబడింది. ఆ నీలం టోపీ మీంచి చూపు తిప్పకుండా, "కమాన్ శ్రీ! కమాన్ బంగారం!" అని గొంతు పోయేలా అరిచింది. పక్కనున్నవాళ్ళు నవ్వుతూ చోటిచ్చారు. ఆ పిల్ల అవతలి గోడ తాకి, తిరిగి, నీళ్ళు చీల్చుకుంటూ అందరికంటే ముందు ఇవతలికి వచ్చేసింది. ఉషశ్రీ చప్పట్లు కొడుతూ, కళ్ళలో నీళ్ళు తుడుచుకుంటూ, మెట్లు దిగి అంచు దాకా వెళ్ళింది.

గట్టెక్కిన పిల్ల టోపీ లాగేసింది. ఎర్రటి జుట్టు. ఆ పిల్ల ఉషశ్రీ వంక అయోమయంగా, మర్యాదగా నవ్వి, తన తల్లి కోసం వెతుక్కుంటూ పక్కనుంచి వెళ్ళిపోయింది.